నాన్నకు పక్షవాతం, అమ్మ నలిగిపోతోంది: దూరంగా ఉన్న కొడుకు ఏం చేయగలడు?

పాలకొల్లు అబ్బాయి:

అందరికీ నమస్కారం. మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. నాన్నకు 72 ఏళ్లు. సంక్రాంతి వెళ్లాక పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినప్పటి నుంచి అన్నీ అమ్మే చూస్తోంది. ఆమెకు 65 ఏళ్లు, షుగరు ఉంది, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. నేను హైదరాబాదులో, అక్క కువైట్‌లో.

డబ్బు పంపుతున్నాం. మనిషిని పెడతామంటే అమ్మ ఒప్పుకోదు. "పరాయివాళ్ల చేత మీ నాన్నకు స్నానం చేయించనా?" అంటుంది. మొన్న వెళ్లినప్పుడు చూస్తే ఆమె షుగరు మాత్రల అట్ట కొన్నది కొన్నట్టే ఉంది. నాన్నను పక్కకు తిప్పడానికి రాత్రంతా లేస్తూనే ఉంటుంది. నాన్న ఒక్కోసారి ఏ కారణం లేకుండా ఏడుస్తారు, కాసేపటికే విసుక్కుని ఎడమచేత్తో గిన్నె తోసేస్తారు. తన సేవలో లోపం ఉందేమోనని అమ్మ కుమిలిపోతోంది. పరామర్శకు వచ్చినవాళ్లు పావురం రక్తం రాయమని ఒకరు, పసరు మందు పట్టించమని ఒకరు చెప్పి వెళ్తున్నారు.

ఉద్యోగం మానే వీలు లేదు. నెలకు రెండుసార్లు రాగలను. అమ్మ భారం నిజంగా తగ్గాలంటే ఏం చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పండి.

లంక కోడలు:

తమ్ముడూ, మాది యలమంచిలి మండలంలో గోదావరి మధ్య ఉన్న లంక గ్రామం. మా మామగారిని నేనూ మా అత్తగారూ చూసుకున్నాం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

"విశ్రాంతి తీసుకో అమ్మా" అని ఫోనులో చెబితే ఆమె పని ఒక్కటి కూడా తగ్గదు. ఏదో ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా ఆమె చేతుల్లోంచి మీరు తీసుకోవాలి. మా మరిది రాజమండ్రిలో ఉండేవాడు. మందుల బాధ్యత మొత్తం తన మీద వేసుకున్నాడు. ఎప్పుడు అయిపోతాయో చూడటం, కొనడం, పూటలవారీగా డబ్బాలో సర్దడం, డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిన తేదీ గుర్తుంచుకోవడం అన్నీ అతనే. అత్తగారు ఇక ఆ సంగతే ఆలోచించేది కాదు. మీరు వచ్చినప్పుడు అమ్మగారి షుగరు మాత్రలు కూడా ఆ డబ్బాలోనే సర్దండి. ఆయనకు వేసేటప్పుడు తనవీ వేసుకుంటారు.

రెండోది రాత్రి. మీరు ఊళ్లో ఉన్న రాత్రి నాన్నగారి గదిలో మీరే పడుకోండి, అమ్మగారిని వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోమనండి. మా అత్తగారు మొదట్లో మధ్యలో లేచి వచ్చి చూసేది. మరిదికి తిప్పడం, గుడ్డలు మార్చడం వచ్చిందని నమ్మకం కుదిరాకే నిద్రపోయింది. అందుకని ముందు పగటిపూట ఆమె ఎదురుగానే ఆ పనులన్నీ నేర్చుకోండి. రాత్రి మూత్రానికి మగవాళ్లకు కండోమ్ కాథెటర్ ఉంటుంది, పైన తొడిగితే మూత్రం గొట్టంలోంచి సంచిలోకి పోతుంది, మందుల దుకాణంలో దొరుకుతుంది. తొడిగే పద్ధతి, ఎంతసేపు ఉంచాలన్నది నర్సు దగ్గర నేర్చుకోండి. పక్క తడిసి అర్ధరాత్రి దుప్పట్లు మార్చే బాధ చాలావరకు తప్పుతుంది.

మనిషిని పెట్టే విషయంలో అమ్మగారి మాట కొట్టేయకండి. ఆయన మానం ఆమెకు ముఖ్యం. నాన్నగారి పనికని చెప్పకుండా ఇంటి పనికని పెట్టండి. బట్టలు ఉతకడం, అంట్లు తోమడం, వంటకు కూరలు తరగడం. మేము అలాగే మొదలుపెట్టాం. కొన్నాళ్లకు ఆ పనావిడే ఒక చెయ్యి వేసి మామగారిని లేపడానికి సాయం పట్టేది, అత్తగారు కూడా ఏమీ అనలేదు.

తినిపించడం తొందరపడే పని కాదు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న చెంచాతో పెట్టాలి. తిన్నాక ఓ అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. నీళ్లు తాగితే దగ్గు వస్తున్నా, గొంతు తడిగా గరగరమంటున్నా వెంటనే డాక్టరుకు చెప్పండి, ఊపిరితిత్తుల్లోకి పోతున్నట్టు. మా మామగారికి పల్చటి నీళ్ల కంటే చిక్కటి రాగి జావ తేలిగ్గా దిగేది. డాక్టరును అడిగే అలా ఇచ్చేవాళ్లం.

ఏడుపు గురించి అమ్మగారికి ఈ మాట తప్పక చెప్పండి. మెదడుకు దెబ్బ తగిలినప్పుడు ఏడుపూ నవ్వూ మనిషి అదుపులో లేకుండా వచ్చేస్తాయి. ఆమె సేవకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఈ సంగతి డాక్టరు నోట విన్నాకే మా అత్తగారి మనసు కుదుటపడింది. దిగులు కూడా ఈ జబ్బు వెంట చాలామందికి వస్తుంది, దానికి మందులున్నాయి. వచ్చేసారి డాక్టరును అడగండి.

పావురం రక్తం వల్ల ఏ ప్రయోజనమూ లేదు. పసరు మందు అసలు వద్దు, మింగడమే కష్టమైన మనిషికి అది గొంతుకు అడ్డం పడుతుంది. కాపడం పెట్టమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. స్పర్శ లేని చేతికి బొబ్బలెక్కినా ఆయనకు తెలియదు. సలహా ఇచ్చే బంధువులకు ఒక పని అప్పగించండి. "పిన్నీ, బుధవారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా నాన్న దగ్గర కూర్చుంటావా? అమ్మ క్షీరారామం గుడికి వెళ్లి వస్తుంది" అని రోజు, సమయం చెప్పి అడగండి. ఏదైనా సాయం కావాలా అని పైపైన అడిగేవాళ్లు కూడా ఇలా అడిగితే వస్తారు.

మాలాంటి లంకల వాళ్లకు ఇంకో మాట. గోదావరి పెరిగితే మా కాజ్‌వే మునిగి పడవే దారి. వానకాలం మొదట్లోనే నెలకు సరిపడా మందులు, డైపర్లు ఇంట్లో పెట్టుకునేవాళ్లం. వరద కబురు రాగానే మామగారిని గట్టున ఉన్న ఆడపడుచు ఇంటికి చేర్చేసేవాళ్లం. ఒంటికి పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు కరెంటు పోతే చప్పబడిపోతుంది, మంచం పట్టిన మనిషి ఒళ్లు నేరుగా చెక్కకే ఆనుతుంది. కింద మామూలు మెత్తటి పరుపు కూడా వేసి ఉంచండి.

భీమవరం ఫిజియో:

పై అక్కగారు చెప్పినవన్నీ ఆచరించదగ్గవి. నా పనికి సంబంధించినవి నాలుగు ముక్కలు చెబుతాను.

అమ్మగారి నడుం దెబ్బతినకుండా ముందు చూడాలి. మంచం ఎత్తు తక్కువైతే కోళ్ల కింద కదలని దిమ్మలు పెట్టి ఎత్తు పెంచండి. నాన్నగారు అంచున కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనేంత ఎత్తే ఉండాలి. లేపేటప్పుడు చంకల కింద చేతులు వేసి ఎత్తకూడదు, పడిపోయిన చేతిని పట్టి అసలు లాగకూడదు. ఆ వైపు కండరాలకు పట్టు ఉండదు కనుక భుజం కీలు జారుతుంది. కుర్చీని బాగున్న ఎడమవైపున పెట్టండి. నడుముకు వెడల్పాటి గట్టి పట్టీ కట్టి, దాన్ని పట్టుకుని, ఆయన మోకాలికి మీ మోకాలు అడ్డం పెట్టి, ముందుకు వంగమని చెప్పి లేపాలి. మీ ఊరికి వచ్చే ఫిజియో చేత మీ ఇద్దరికీ ఒకసారి చేయించి చూపించమనండి, చదివి నేర్చుకునేది కాదిది.

పక్కకు తిప్పడం పగలైనా రాత్రైనా సుమారు రెండు గంటలకోసారి. గాలి పరుపు ఉన్నా మానకూడదు. దాని మీద రాత్రిపూట ఇంకాస్త ఎడం ఇవ్వవచ్చా అన్నది ఆయన చర్మం చూసి డాక్టరు చెప్పాలి. మడమలు, నడుం కింది ఎముక రోజూ చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే పుండు మొదలవుతున్నట్టే. రింగులాంటి గాలి దిండ్లు వాడకండి, అవి చుట్టూ రక్తప్రసరణను ఆపేస్తాయి.

కుడివైపు పడి మాట పోయిందంటే దెబ్బ మెదడు ఎడమవైపున. మాట్లాడలేకపోయినా మనం చెప్పేది చాలామందికి చాలావరకు అర్థమవుతుంది. అవును, కాదు అని తల ఊపితే సరిపోయే ప్రశ్నలు ఒక్కొక్కటిగా అడగండి. గిన్నె తోసేయడం చాలావరకు చెప్పుకోలేని ఉక్రోషమే.

మీ అమ్మగారు వినాల్సిన విషయం ఒకటి ఉంది. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1250 మంది రోగులతో చేసిన అటెండ్ అనే అధ్యయనం 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇంటివాళ్లకు వ్యాయామాలు నేర్పి ఆ బాధ్యత వాళ్లకు అప్పగించిన రోగులకూ, మామూలు వైద్యం అందినవాళ్లకూ ఆరు నెలల తర్వాత ఫలితంలో తేడా కనబడలేదు. అంటే వ్యాయామాలు వృథా అని కాదు. శిక్షణ పొందినవాళ్లు చేయాల్సిన పనిని ఇంటి ఇల్లాలి మీద మోపితే చాలదని నేను గట్టిగా నమ్ముతాను. ఆయన ఎంత కోలుకున్నారన్నది దెబ్బ ఎంత పెద్దదన్నదాని మీద చాలా ఆధారపడుతుంది. ఆ లెక్క ఆవిడ కష్టం మీద రాయకండి.

పల్లె నర్సమ్మ:

బాబూ, నేను ఏఎన్ఎంని. మన రాష్ట్రంలో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది, 2024 జులై నుంచి ఆ మొత్తం ఇస్తున్నారు. సదరం ధ్రువపత్రం, అంటే వైకల్యాన్ని నిర్ధారించే కాగితం కావాలి. ఆసుపత్రి నుంచి ఇచ్చిన డిశ్చార్జి కాగితాలు, ఆధార్ తీసుకుని ముందు మీ సచివాలయంలో కనుక్కోండి. ఈ తిరుగుడు అమ్మగారికి వదలకండి, మీరే పెట్టుకోండి. ఊరికి 104 వాహనం వచ్చే రోజున అమ్మగారి బీపీ, షుగరు కూడా చూపించండి.

పెద్దలకు సంబంధించి ఏ సాయం కావాలన్నా 14567, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి 14416. రెండూ ఉచితం. మూతి వంకరపోయినా, కాలో చెయ్యో కొత్తగా పట్టు తప్పినా సర్దుకుంటుందేమోనని చూస్తూ కూర్చోకుండా 108కి ఫోను చేయాలి. మెదడులో అడ్డుపడిన రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షనుకు, లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే గడువు. ఈ నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి ఫోను పక్కన అంటించండి.

పాలకొల్లు అబ్బాయి:

అందరికీ చేతులెత్తి నమస్కారం. శుక్రవారం రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ తీసుకున్నాను. శనివారం పగలు అమ్మ దగ్గర పని నేర్చుకుని, రాత్రికి నాన్న గదిలో నేనే పడుకుంటాను. మందుల సంగతి ఇకపై నాది, సచివాలయం పని కూడా. అక్క రోజూ సాయంత్రం వీడియోలో నాన్నతో అరగంట గడుపుతానంది, ఆ సమయంలో అమ్మ పక్కింటికి వెళ్లి వస్తుంది. ఒక్క సందేహం: అమ్మ వేరే గదిలో పడుకోవడానికి ససేమిరా అంటే?

లంక కోడలు:

బలవంతం చేయకండి తమ్ముడూ. మొదటి రాత్రి అదే గదిలో మీ మంచం నాన్నగారి పక్కన, ఆమె మంచం గోడవైపు వేయండి. ఆయన కదిలినప్పుడు ఆమె కంటే ముందు మీరు లేవండి. గది సంగతి తర్వాత ఆమే చెబుతారు. శనివారం పొద్దున్నే ఏమీ తినకముందు ఆమెకు షుగరు పరీక్ష చేయించడం మాత్రం వాయిదా వేయకండి.