మొదటి కుట్టు అల్లాలా, జార్చాలా? కొత్తవాళ్లకు ఏది నేర్పాలి?

రెండుసూదులు (ఎంవీపీ కాలనీ):
మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారం సాయంత్రాలు ఐదుగురికి అల్లిక నేర్పుతున్నాను. చలికాలంలో లంబసింగి వెళ్లేలోగా తలా ఒక మఫ్లర్ అల్లుకోవాలని వాళ్ల పట్టుదల. అందరికీ ఒకటే ఇబ్బంది: అంచు ఒకచోట వదులు, ఒకచోట బిగువు. ప్రతి వరసలో మొదటి కుట్టు అల్లకుండా కుడి సూది మీదికి జార్చేస్తే అంచు జడలా వస్తుంది, నిజమే. కానీ మొదట్లోనే అది నేర్పకూడదని నా అభిప్రాయం. మీరేమంటారు?

సముద్రంగాలి (గాజువాక):
నేర్పాలండి. అన్ని వరసలూ నిట్ (దారం వెనక ఉంచి వేసే మామూలు కుట్టు) అల్లే గార్టర్‌లో అదేమంత కష్టం? దారం ముందుంచి, పర్ల్‌కి (దారం ముందుంచి వేసే ఎదురు కుట్టుకి) గుచ్చినట్టు గుచ్చి జార్చి, దారాన్ని రెండు సూదుల మధ్య నుంచి వెనక్కి తెచ్చి మిగతావి అల్లడమే. రెండు వరసలకొక గొలుసు కన్ను పడుతుంది. అంచు అందంగా కనబడితేనే కొత్తవాళ్లకు హుషారు. పది వరసలకే విసుగొచ్చి ఊలు అటకెక్కించినవాళ్లను చాలామందిని చూశాను.

రెండుసూదులు:
హుషారు కావాలి, కాదనను. పోయిన వారం ఏం జరిగిందో వినండి. ఒకమ్మాయి 30 కుట్లతో మొదలుపెట్టింది. జానెడు అల్లేసరికి 37! "పిన్నీ, నేను ఎక్కడా పెంచలేదు" అని ఏడుపు మొహం పెట్టింది. పక్కన కూర్చుని చేతులే చూశాను. వరస తిప్పగానే దారాన్ని సూది మీదుగా వెనక్కి లాగుతోంది. అలా లాగితే మొదటి కుట్టు పైకి లేచి, దాని రెండు కాళ్లూ రెండు కుట్లలా కనబడతాయి. ఆమె రెండింటిలోనూ అల్లేస్తోంది. దారం సూది కింద నుంచి వెనక్కి వెళ్లాలని చూపించాను, లెక్క కుదిరింది. ఇది ఇంకా పట్టుబడని చేతికి 'దారం ముందుకు, మళ్లీ వెనక్కి' అంటే కంగారే కదండీ.
వదులు అంచుకు వేరే ఉపాయముంది. మొదటి కుట్టు మామూలుగా అల్లి, రెండో కుట్టులో సూది గుచ్చాక దారం ఒకసారి బిగించాలి. మన ఊరి ఉక్కలో చెమట చేతులకు దారం సరిగా జారదు, అందుకే మరీ గట్టిగా లాగొద్దనీ చెప్తాను.

కుట్టుబుట్ట (సీతమ్మధార):
మఫ్లర్‌కి జార్చండి, స్వెటర్‌కి మాత్రం వద్దు. ముక్కలు కలిపి కుట్టేటప్పుడు వరస వరసకూ పట్టు దొరకాలి. జార్చిన అంచులో రెండు వరసలకు ఒకటే, అదీ వదులుగా. మా మనవడి స్వెటర్‌కి చంక కింద కన్నాలు పడితే రెండు వైపులా విప్పి మళ్లీ అల్లాను. ఇంకోమాట: ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ అల్లితే అంచు చుట్టుకుపోతుంది. జార్చినా అది ఆగదమ్మా. అటు నాలుగు, ఇటు నాలుగు కుట్లు ప్రతి వరసలోనూ నిట్టే వెయ్యాలి.

సముద్రంగాలి:
స్వెటర్ సంగతి ఒప్పుకుంటానండి. వీళ్లు అల్లేది మఫ్లరే కదా! కనీసం రెండో మఫ్లర్‌కైనా నేర్పండి.

రెండుసూదులు:
రెండోదానికి తప్పకుండా నేర్పుతాను. ఆ అమ్మాయి నిన్న రాత్రి ఫొటో పంపింది, పక్కనే 'ముప్ఫై!' అని రాసి. అంచు ఇంకా కొంచెం వంకరే. ఇంకో జానెడు అలాగే అల్లనిస్తాను.