రాష్ట్రాలు తెలిపినది ‘ఆమోదమా’, ‘ఒప్పుదలా’?

అమెరికా రాజ్యాంగం మీద పిల్లలకు పాఠం రాస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. 1787 సెప్టెంబరు 17న ఫిలడెల్ఫియాలో 39 మంది ప్రతినిధులు ముసాయిదా మీద సంతకాలు చేశారు. అంతమాత్రాన అది అమలులోకి రాలేదు. 13 రాష్ట్రాల్లో కనీసం 9 రాష్ట్రాలు, అందుకోసమే ఎన్నికైన సభలలో, సరేననాలని ఏడో అధికరణం చెప్పింది. ఆ సరేననడానికి (ఇంగ్లిషులో ‘ratification’) తెలుగు మాట ఏది? మన పత్రికలు ‘ఆమోదం’ అంటాయి. కానీ సెలవు చీటీని ఆమోదించేది పై అధికారి. ఇక్కడ రాష్ట్రాలు పైవారు కారు, ఆ కట్టుబాటులోకి స్వయంగా దిగుతున్నవారు.

— ‘ధ్రువీకరణ’ వాడవచ్చు కదండీ? అంతర్జాతీయ ఒప్పందాల వార్తల్లో కనిపించే మాటే. మన రాజ్యాంగం హిందీ ప్రతిలో, సవరణల పద్ధతి చెప్పే 368వ అధికరణం ‘అనుసమర్థన్’ అంటుంది. దాన్ని ‘అనుసమర్థనం’ చేసుకున్నా తప్పులేదు.

— ధ్రువీకరణ అనగానే నాకు జనన ధ్రువీకరణ పత్రం గుర్తొస్తుందండీ. ఉన్నదాన్ని నిజమని చెప్పడమే అది. 1788 జూన్ 21న న్యూ హాంప్‌షైర్ 57–47తో తొమ్మిదో రాష్ట్రంగా చేరినప్పుడు జరిగింది వేరు: అంతవరకూ కాగితంగా ఉన్నది ఆ తొమ్మిదింటికీ చట్టమైంది. మిగిలినవాటికి కాలేదు! నార్త్ కరోలినా సభ ఆ ఆగస్టులో హక్కుల ప్రకటన కావాలని పట్టుబట్టి, ఔననకుండా కాదనకుండా ముగిసింది. 1789 ఏప్రిల్‌లో వాషింగ్టన్ తొలి అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికి ఆ రాష్ట్రమూ, రోడ్ ఐలండూ బయటే ఉన్నాయి. ఒప్పుకోనివారిని కట్టివేయని పద్ధతి ఇది. అందుకే ‘ఒప్పుదల’ అన్న మన పాత మాటే నా మనసుకు పట్టింది. ఒప్పందమూ ఆ ధాతువులోంచి వచ్చినదే. ‘అనుసమర్థనం’ శాస్త్రీయంగా సరైనదే కావచ్చు, పన్నెండేళ్ల పిల్ల నోట పలకదు.

— ఒప్పుదల బాగుంది. అయితే మన 368 కింద సవరణలకు వాడకండి. అక్కడ రాష్ట్రాల సమ్మతి కావలసిన సవరణలకు, పార్లమెంటు ఆమోదించాక, కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు తీర్మానిస్తే చాలు, కాదన్న రాష్ట్రానికీ సవరణ వర్తిస్తుంది. 2016 నాటి జీఎస్టీ సవరణ ఆ దారినే వచ్చింది. దానికి ‘ఆమోదం’ ఉండనివ్వండి.

— ఈ తేడా నాకు తట్టలేదు, ధన్యవాదాలు. పాఠంలో రెండు మాటలూ ఉంచుతాను. ఇక క్రియ ఒక్కటే మిగిలింది: “1790 మే 29న రోడ్ ఐలండ్ 34–32తో ఒప్పుదల తెలిపింది” అనాలా, “ఒప్పుదల ఇచ్చింది” అనాలా? మీ ఊళ్లలో పెద్దవాళ్లు ఎలా అనేవారు?