లా క్రాస్ మెదడువాపు: కౌంటీ పట్టికలో సున్నా ఉంటే నిశ్చింతగా ఉండవచ్చా?

ప్రశ్న
అమెరికాలో దోమకాటు వల్ల ముఖ్యంగా పిల్లలకు సోకే లా క్రాస్ మెదడువాపు కేసులను సీడీసీ (అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ) పట్టికల్లో వేసవి నుంచి గమనిస్తున్నాను. ఒహాయో, నార్త్ కరోలినా, టెన్నెసీ, వెస్ట్ వర్జీనియాలను మినహాయిస్తే చాలా రాష్ట్రాల్లో సున్నాలే ఉన్నాయి. మా కౌంటీలోనూ (రాష్ట్రంలో జిల్లా లాంటి విభాగం) సున్నాయే. దీన్ని నమ్మవచ్చా? పాత వారాల సంఖ్యలు తరువాత ఎందుకు పెరుగుతున్నాయి?

మొదటి సమాధానం
రెండో సందేహానికి ముందు జవాబిస్తాను. దోమ కుట్టిన 5 నుంచి 15 రోజులకు గాని లక్షణాలు బయటపడవు. ఆ తరువాత రక్తంలోనో వెన్ను ద్రవంలోనో యాంటీబాడీలను పరీక్షించి, నిర్ధారణ అయ్యాక రాష్ట్ర ఆరోగ్య శాఖ ఆ వివరాలను దోమల వంటి కీటకాల ద్వారా వచ్చే వ్యాధులను నమోదు చేసే సీడీసీ వారి వ్యవస్థ ఆర్బోనెట్‌లో నమోదు చేస్తుంది. అందువల్ల ఈ వారం కనిపించే సంఖ్య ఎన్నో వారాల క్రితపు దోమకాట్లను సూచిస్తుంది. పైగా కేసును రోగి నివసించే కౌంటీ కింద లెక్కిస్తారు. సెలవుల్లో వేరే చోట అడవిలో దోమ కుట్టినా సరే, అది ఇంటి చిరునామా ఖాతాలోకే వెళుతుంది.

రెండో సమాధానం
సున్నాను నమ్మవద్దని నా అభిప్రాయం. సోకినవారిలో చాలామందికి లక్షణాలే ఉండవు, లేదా మామూలు జ్వరంలా వచ్చి తగ్గిపోతుంది. వారికి ఈ పరీక్ష ఎవరూ చేయించరు. లెక్కకు వచ్చేది ఎక్కువగా ఫిట్స్‌తోనో స్పృహ తప్పిన స్థితిలోనో ఆసుపత్రిలో చేరిన 16 ఏళ్ల లోపు పిల్లలే. వైద్యుడికి అనుమానం రాకపోతే వారిలోనూ కొందరు లెక్క తప్పుతారు. అసలు ఈ వైరస్ బయటపడిన తీరే అలాంటిది: 1960లో విస్కాన్సిన్‌లోని లా క్రాస్‌లో మరణించిన ఒక చిన్నారి మెదడు కణజాలాన్ని భద్రపరచినందువల్ల, కొన్నేళ్ల తరువాత అందులో దీన్ని కనుగొనగలిగారు.

మూడో సమాధానం
ఈ ఏటి పట్టిక కంటే గత పదేళ్ల కౌంటీ పటాన్ని చూడండి. దీన్ని మోసే ఈడిస్ ట్రైసీరియేటస్ దోమ చెట్టు తొర్రల్లోని నీటిలోనూ, పారేసిన టైర్లలోనూ గుడ్లు పెడుతుంది. తల్లి దోమ నుంచి గుడ్లకు కూడా వైరస్ చేరి చలికాలాన్ని దాటుతుంది కాబట్టి, ఒకసారి కేసులు వచ్చిన అటవీ ప్రాంతంలో అవి మళ్లీ రావడం సహజం. వైరస్ సోకిన ఉడుతలను, చిప్‌మంక్‌లను (ఉడుత జాతి చిన్న జంతువులు) కుట్టిన దోమలకు కూడా అది చేరుతుంది; మనిషి నుంచి మనిషికి మాత్రం సోకదు. టీకా లేదు. ఈ దోమ పగలే కుడుతుంది కనుక, పిల్లలు చెట్ల మధ్య ఆడుకునే వేళల్లోనే ఒంటికి దోమల మందు రాయాలి.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలు. పాత పటాల్లో మా పక్క కౌంటీలో కేసులు కనిపించాయి. మేము తరచుగా వెళ్లే అడవి ఆ కౌంటీలోనే ఉంది.