అంచనాల పోటీలో లఘుచిత్రానికీ ఉత్తమ చిత్రానికీ ఒకే పాయింటు ఉండాలా?

విద్యానగర్ చీటీల పెట్టె:
మిత్రులందరికీ నమస్కారం. ఏటా ఆస్కార్ వేడుకకు ముందు మా ఇంట్లో జరుపుకొనే అంచనాల పోటీలో ఒక నియమం మార్చాలని కొందరు గట్టిగా అడుగుతున్నారు కనుక, చీటీలు అచ్చుకు ఇవ్వకముందే ఇక్కడ చర్చకు పెడుతున్నాను. ఇంతవరకు ఏ విభాగంలో విజేతను సరిగ్గా చెప్పినా ఒకటే పాయింటు. ఇకపై ఉత్తమ చిత్రానికి ఐదు, దర్శకత్వానికీ నటనకు సంబంధించిన నాలుగు విభాగాలకూ మూడేసి, మిగిలినవాటికి ఒక్కొక్కటి ఇవ్వాలన్నది ప్రతిపాదన. గెలిచినవారికి మనమిచ్చేది ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏరి తెచ్చిన పాత సినిమా పుస్తకమే అయినా, ఆ పుస్తకం మొదటి పేజీలో అందరి సంతకాల మధ్య తన పేరు ఉండాలని ప్రతి ఒక్కరికీ ఎంత కోరికో నాకు తెలుసు.

తార్నాక వాసి:
ప్రతిపాదన నాది కాబట్టి కారణమూ నేనే చెబుతాను. మూడు లఘుచిత్ర విభాగాల్లో మనలో చాలామంది ఒక్క చిత్రమూ చూడకుండా, పేరు నచ్చిందని టిక్కు పెడుతున్నారు. ఆ టిక్కులే చివరికి విజేతను తేలుస్తున్నాయి. ఉత్తమ చిత్రం సంగతి వేరు. మిగతా విభాగాల్లో సాధారణంగా ఐదు పేర్లుంటే అక్కడ పది ఉంటాయి. పైగా మిగతాచోట్ల ఎక్కువ ఓట్లు పడ్డవారే గెలుస్తారు గానీ, ఉత్తమ చిత్రానికి మాత్రం ఓటర్లు తమకు నచ్చిన వరుసలో చిత్రాలకు అంకెలు వేస్తారు. అన్నిటికంటే తక్కువ ఓట్లు వచ్చినదాన్ని తీసేసి, ఆ ఓట్లను వారి తరువాతి ఎంపికకు కలుపుతూ, ఒక చిత్రానికి సగానికి మించి వచ్చేదాకా లెక్కిస్తారు. అందువల్ల కొందరికి ప్రాణమైన చిత్రాన్ని దాటి, ఎక్కువమంది రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో పెట్టుకున్న చిత్రం గెలవవచ్చు. అది పసిగట్టినవారికి ఎక్కువ దక్కడం న్యాయం కాదా?

కృష్ణానగర్ అసిస్టెంట్ ఎడిటర్:
తార్నాక వారూ, ఉత్తమ చిత్రం గురించి మీ మాట ఒప్పుకుంటాను. అయితే నటనకు మూడు, ఎడిటింగుకూ సౌండుకూ ఒకటి అనడానికి ఆ కారణం ఎలా చాలుతుంది? ఆస్కార్ రోజు వచ్చేసరికి గోల్డెన్ గ్లోబ్, బాఫ్టా వంటి ఇతర సినిమా బహుమతుల ఫలితాలు వచ్చేసి ఉంటాయి. వాటిని పక్కపక్కన పెట్టుకుని చూస్తే నటుల పేర్లు చాలా ఏళ్ళలో ముందే కనబడతాయి. అంటే మీ లెక్క కష్టాన్ని బట్టి కాకుండా పేరుప్రతిష్ఠలను బట్టి సాగుతోంది. ఒక సన్నివేశంలో రెండు ఫ్రేములు తీసేయాలా, ఉంచాలా అని రాత్రి రెండింటిదాకా ఎడిటింగ్ గదిలో కూర్చుని, ఒక్కో కట్‌నూ ఇరవైసార్లు చూసుకునేవాణ్ణి నేను. తెర మీద కనిపించేవారి పనికి మూడు, కనిపించనివారి పనికి ఒకటి అని మన చీటీ మీద మనమే అచ్చు వేయించుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మలక్‌పేట టీచరమ్మ:
2023 మార్చి 13 తెల్లవారుజామున నిర్వాహకుల ఇంటి హాల్లో ఏం జరిగిందో గుర్తు చేయాలి. ‘నాటు నాటు’ పాటకు కీరవాణి, చంద్రబోస్ గార్ల పేర్లు పిలిచినప్పుడు ఇల్లంతా లేచి నిలబడింది, నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. కానీ ఆ పాటకు అందరమూ టిక్కు పెట్టి ఉన్నందున ఎవరి లెక్కా ముందుకు పోలేదు. డాక్యుమెంటరీ లఘుచిత్ర విభాగంలో ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ అని రాసింది మాత్రం నేనొక్కదాన్నే. నెట్‌ఫ్లిక్స్‌లో రెండుసార్లు చూసి, ఆ ఏనుగు పిల్లను మరిచిపోలేక రాశాను. చూడకుండా టిక్కు పెట్టేవారున్నారని, చూసి రాసినవారి పాయింటుకు విలువ తగ్గించకండి బాబూ.

తార్నాక వాసి:
టీచరమ్మగారూ, మిమ్మల్ని ఉద్దేశించి అనలేదు, క్షమించండి. నటనా విభాగాలకు మూడేసి అన్న మాటను వెనక్కు తీసుకుంటున్నాను. ఉత్తమ చిత్రం విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

సైనిక్‌పురి కోడలు:
ఏ విభాగానికి ఎంత విలువో నిర్వాహకులే ఎందుకు నిర్ణయించాలి? నటీనటుల ఎంపికకు 2026 వేడుక నుంచి కొత్త బహుమతి చేరడంతో విభాగాలు 24 అయ్యాయి. ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా అంకెలను ప్రతివారూ తమ నమ్మకం కొద్దీ విభాగాలకు పంచుకోవాలి, ఒక అంకెను ఒక్కసారే వాడాలి. అందరికీ మొత్తం 300 పాయింట్లే ఉంటాయి. టీచరమ్మగారు తాను చూసిన లఘుచిత్రానికి 24 వేసుకోవచ్చు, తార్నాక బాబాయిగారు ఉత్తమ చిత్రానికి వేసుకోవచ్చు. చూడకుండా టిక్కు పెట్టేవారు ఒకటో రెండో వేసుకుంటారు కనుక వారి అదృష్టం విజేతను తేల్చదు.

కృష్ణానగర్ అసిస్టెంట్ ఎడిటర్:
ఇందులో నాకు అభ్యంతరం లేదు. అయితే ఒకే అంకెను రెండుచోట్ల వేస్తే ఏం చేయాలో ముందే రాయండి, ఆ ఉదయం తగువు రాకూడదు.

విద్యానగర్ చీటీల పెట్టె:
ఈసారి సైనిక్‌పురి వారి పద్ధతి పెడదాం. ఒకే అంకె రెండుచోట్ల ఉంటే ఆ రెండిటికీ సున్నా. చీటీలో ప్రతి పేరు పక్కనా అంకె వేయడానికి ఒక గడి అచ్చు వేయిస్తాను, పెద్దవారి కోసం అక్షరాలు పెద్దవిగా ఉంటాయి. ప్రసారం మనకు సోమవారం తెల్లవారుజామున మొదలవుతుంది కాబట్టి ఆదివారం రాత్రి తొమ్మిదికి పెట్టె మూసేస్తాను. టీచరమ్మగారి చీటీని మాత్రం సాయంత్రమే నేను మలక్‌పేట వచ్చి తీసుకుంటాను.