ఈ వారం సమస్య: వంగ చెట్టుకు నిండుగ బంతి పూచె

నిర్వాహకుడు (నల్లగొండ): శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్లిపోయింది. పొద్దున మిద్దె మీద వంగమడికి నీళ్లు పోస్తుంటే ఈ పాదం నోట్లో ఆడింది. ఇదే చివరి పాదంగా పద్యం అల్లి ఈ వింతకు అర్థం కుదర్చాలి, అదే పూరణం. పెరట్లో కొత్తగా ఏదన్నా నాటి చూసినవాళ్లు ఆ ముచ్చట పూరణంలోకి తెస్తే మరీ సంతోషం.

"వంగ చెట్టుకు నిండుగ బంతి పూచె"

దేవరకొండ తమ్ముడు: ఈ ఏడు మొదటిసారి వంగ సాళ్ల నడుమ బంతి నారు పెట్టిన. అదే రాసిన.

నులిపురుగుమూక వేరులో నిలువకుండ
పెరటి మడిలో సాలుకుఁ బెట్టుకొనఁగ
కావలిగ నిల్చి నాలుగు కడల, తోడు
వంగ చెట్టుకు, నిండుగ బంతి పూచె

వనపర్తి పంతులు: 'తోడు' అన్న మాటను మూడో పాదం చివర నిలిపినవు చూడు, అక్కడే సమస్య విడిపోయింది. శభాష్ తమ్ముడూ! కానీ రెండో పాదంలో ఒక లఘువు (పొట్టి అక్షరం) జారింది. 'మడిలోన' అను, నిలబడుతుంది. ఒక్క 'న' కోసం ఇంత మంచి పద్యం కుంటకూడదు.

హాలియా రైతు: నాకు లఘువు కన్నా పురుగు ముఖ్యం. తమ్ముడు నులిపురుగు అన్నడు, అది సరైన మాట. వేర్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగును బంతి వేర్లు అణుస్తయి. వంగలో బంతి పెడితే కాయతొలుచు పురుగు కూడా పోతుందని చాలామంది నమ్ముతరు. పోదు. వాడిన కొనలు తుంచి పారేయాల్సిందే. టమాటల పచ్చపురుగు సంగతి వేరు. అక్కడ బంతి ఎర పంట, పురుగును తన మీదికి లాక్కుంటది: 16 సాళ్లకు ఒక సాలు. బంతి నారు 45 రోజులది, టమాట నారు 25 రోజులది పెడితే రెండూ ఒక్కసారి పూతకు వస్తయి. ఎవరన్నా దీన్ని కూడా పద్యం చెయ్యండి.

వనపర్తి పంతులు: నా వంతు.

దసర పూవుల విత్తులు దాచిపెట్టి
చెలక మట్టిలోఁ జల్లితిఁ జలియు ముదుర
మంచు విడిచెను శివరాత్రి, మాఘము గడ-
వంగ చెట్టుకు నిండుగ బంతి పూచె

పానగల్ సారు: 'గడవంగ'! వంగచెట్టునే మాయం చేసిండ్రు. శివరాత్రి మర్నాడే అమావాస్య, మాఘం ముగుస్తది. తిథి కూడా సరిగ్గా అతికింది. ఇది పండితుల ఊరని పేరుపడ్డ విద్వద్గద్వాల పక్క ఊరి చెయ్యి అని ఒప్పుకుంటున్న. అయితే పంతులు గారూ, పోయిన ఉగాది బత్తాయి పూరణం నేను మరువలేదు. విత్తు నాటిన మరుసటేడే కాయలు కోసిండ్రు అందులో!

హాలియా రైతు: ఆ పద్యం నాకూ మింగుడు పడలేదు. మా దగ్గర బత్తాయిని గింజతో పెంచరు, రంగపూర్ నిమ్మ మీద అంటుకడతరు. అంటు మొక్కకైనా కాపు రావడానికి ఏండ్లు పడతది.

వనపర్తి పంతులు: సారూ, ఆ రోజు మీరు యతి (పాదంలో అక్షరాల పొత్తు) ఒక్కటే పట్టుకున్నరు, గింజ సంగతి ఇప్పుడు తీస్తున్నరు. తప్పు నాదే. తోట చూడకుండా రాసిన. ఈ బంతి మాత్రం మా ఇంటి ముందరిదే, వచ్చి చూడండి.

పాలమూరు అక్క: అన్నలారా, నేను పోయిన కార్తీకంలో కొత్తరకం ముద్దబంతి విత్తనం కుండీలో వేసి చూసిన.

కొత్త విత్తనమనుచునుఁ గొంత తెచ్చి
కుండి యొక్కటఁ బెంచితిఁ గూర్మితోడ
కోసికొమ్మని పిలుచుచుఁ గొమ్మలన్ని
వంగ, చెట్టుకు నిండుగ బంతి పూచె

పానగల్ సారు: 'కోసికొమ్మని' దగ్గర 'కొమ్మ' దాక్కొని ఉండి, 'కొమ్మలన్ని' దగ్గర బయటికొచ్చింది. కొమ్మ వంగింది, సమస్యా లొంగింది. పంతులు గారు మాటను విరిచిండ్రు, అక్క విరవకుండనే అర్థం మార్చింది. నా ఓటు అక్కకే.

వనపర్తి పంతులు: నా ఓటు కూడా. సారుతో నేను ఏకీభవించడం ఇదే మొదలు.

హాలియా రైతు: అక్కా, విత్తనం దాచినవా? ప్యాకెట్ మీద హైబ్రిడ్ అని ఉంటే మళ్లీ అదే పువ్వు రాదు, రకరకాలుగ వస్తది.

పాలమూరు అక్క: ఉంది, హైబ్రిడే. అయినా ఒక పువ్వు చెట్టుకే ఎండనిచ్చి దాచిన. ఏం పూస్తదో చూడాలె.

దేవరకొండ తమ్ముడు: 'మడిలోన' అని దిద్దుకున్న, పంతులు గారూ. అక్కా, నా దగ్గర నాటు బంతి నారు ఇంకో మడికి సరిపడా మిగిలింది. పాలమూరు బస్సులో పంపుతా, నీ కుండీ పక్కనే పెట్టు.