స్టోమా సంచి అతికే చోట చర్మం పుండు పడుతోంది, ఎక్కడ చూపించాలి?

ప్రశ్న (ఉదయగిరి వైపు నుంచి):
మా నాన్నగారికి రెండు నెలల క్రితం ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పేగు ఆపరేషన్ జరిగింది. చిన్నపేగు కొసను పొట్టకు కుడివైపున బయటికి తెచ్చి సంచి అమర్చారు. దీన్ని ఇలియోస్టమీ అంటారట, బయటికి తెచ్చిన ఆ పేగు నోటిని స్టోమా అంటారట. ఖర్చంతా ఎన్టీఆర్ వైద్య సేవలోనే పోయింది, ఆపరేషన్ విషయంలో మాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఇంటికి పంపే రోజున నర్సమ్మగారు సంచి మార్చడం ఒక్కసారి చూపించారు, అంతే. ఇప్పుడు సంచిని చర్మానికి అతికించే ప్లేటు ఒకటిన్నర రోజుకే ఊడిపోతోంది, చుట్టూ చర్మం ఒరుసుకుపోయి మంటతో ఆయనకు రాత్రిళ్ళు నిద్ర ఉండటం లేదు. ప్లేటులో స్టోమా పట్టే రంధ్రాన్ని మొదటి రోజు గీసి ఇచ్చిన కొలతకే ఇప్పటికీ కత్తిరిస్తున్నాం. ఓపీకి రెండుసార్లు వెళ్ళినా పూత మందు రాశారే తప్ప సంచి విప్పి చూడలేదు.

జవాబు 1 (మా అమ్మగారికి నాలుగేళ్ళుగా స్టోమా ఉంది):
మీ ఇబ్బందికి మూలం "మొదటి రోజు కొలత" అన్న మాటలోనే ఉందని నా అనుమానం. ఆపరేషన్ వాపు తగ్గేకొద్దీ ఆరు నుంచి ఎనిమిది వారాలపాటు స్టోమా చిన్నదవుతూ వస్తుంది. పాత కొలతకు కత్తిరిస్తే చుట్టూ చర్మం బయటపడుతుంది. చిన్నపేగు నుంచి వచ్చే ద్రవంలో జీర్ణరసాలు ఉంటాయి గనుక అది తగిలిన చోటల్లా కాలినట్టు అవుతుంది. ప్రతి మార్పుకూ కొలిచి, రంధ్రం స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా కత్తిరించండి. మంచినీళ్ళతో కడిగి, బాగా ఆరాకనే అతికించండి. మా ఇంట్లో పెద్దవాళ్ళ మాట విని కొబ్బరినూనె రాసి, ఏ ప్లేటూ అంటుకోక రెండు రోజులు పడిన అవస్థ ఇప్పటికీ గుర్తుంది. సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయండి.

జవాబు 2 (స్టాఫ్ నర్సు, ప్రకాశం జిల్లా):
పై సలహా సరైనదే. నేను పనిచేసిన చోట్ల స్టోమా సంరక్షణకు ప్రత్యేకంగా శిక్షణ పొందిన నర్సు లేరు. ముంబైలోని టాటా మెమోరియల్ ఇచ్చేటటువంటి శిక్షణకు వెళ్ళివచ్చినవారు చాలా అరుదు. అందువల్ల అడిగి చూపించుకోవాల్సిన భారం మీ మీదే పడుతోంది, ఇది న్యాయం కాదు. ఆపరేషన్ చేసిన యూనిట్ ఓపీ ఏ రోజో కనుక్కొని, డిశ్చార్జి కాగితంతోపాటు కొత్త ప్లేటు, కత్తెర తీసుకెళ్ళండి. విప్పితే తిరిగి అతికించడానికి చేతిలో ప్లేటు లేకపోవడం వల్లే చాలామంది డాక్టర్లు విప్పరు. సంచుల విషయం అక్కడి వైద్య మిత్రను (వైద్య సేవ పథకం తరఫున ఆసుపత్రిలో ఉండే సహాయకులు), లేదా 104కు ఫోన్ చేసి అడగండి. ద్రవం నీళ్ళలా ఎక్కువగా పోతూ మూత్రం తగ్గితే ఓఆర్ఎస్ ఇచ్చి వెంటనే చూపించండి. స్టోమా నల్లబడినా, ఏమీ రాకుండా వాంతులు మొదలైనా ఓపీ రోజు కోసం ఆగవద్దు.

జవాబు 3:
వేలూరు సీఎంసీలో స్టోమా క్లినిక్ ఉంది. ఖర్చు, సెలవు భరించగలిగితే అదీ ఒక దారి.

ప్రశ్న అడిగినవారు:
నిన్న కొలిచాం. నలభై మిల్లీమీటర్ల రంధ్రం కత్తిరిస్తున్నాం, స్టోమా ఇప్పుడు ఇరవై ఎనిమిదే ఉంది. మంగళవారం యూనిట్ ఓపీ అని వార్డులో చెప్పారు. ప్లేటు, కత్తెర రెండూ తీసుకుని తెల్లవారుజాము బస్సుకే బయలుదేరుతున్నాం.