కరిగి కారే అక్షరాలతో పోస్టర్ చేశా, ఎవరికీ చదవడం రావట్లేదు

ప్రశ్న: మా కాలేజీ బ్యాండ్ షోకి 1960ల శాన్‌ఫ్రాన్సిస్కో పోస్టర్ల స్టైల్లో సైకడెలిక్ ఫాంట్ వాడాను. తేదీ, టైమ్, టికెట్ ధర అన్నీ అందులోనే. మా అమ్మ చూసి “ఇది ఏ భాష రా?” అంది. ఏం మార్చాలి?

జవాబు: అమ్మగారి మాటే కరెక్ట్. బ్యాండ్ పేరొక్కటే ఆ ఫాంట్‌లో ఉంచి, మిగతావి సాదా అక్షరాల్లో పెట్టండి.

ఇంకో సంగతి. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్ అనే కచేరీ హాలుకి పోస్టర్లు వేసిన వెస్ విల్సన్ ముందు మంటలాంటి ఆకారం అనుకుని, అందులో అక్షరాలు కిక్కిరిసేలా చేత్తో గీశాడు. ఒక ‘ఓ’ లావు, పక్కది సన్నం. ఫాంట్‌లో అన్ని ‘ఓ’లూ ఇడ్లీ ప్లేటులో ఇడ్లీల్లా ఒకేలా వస్తాయి. అందుకే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాల్ని అవుట్‌లైన్‌గా, అంటే సాగదీయగలిగే గీతలుగా మార్చి, ఒక్కోదాన్నీ లాగి సర్దండి. ఓపిక కావాలి, నాకు ఒకసారి రాత్రంతా పట్టింది.

మరో జవాబు: విల్సన్‌కి దారి చూపింది వియన్నా ఆర్టిస్ట్ ఆల్ఫ్రెడ్ రోలర్ అక్షరాలు. సెసెషన్ అనే వియన్నా కళాకారుల బృందానికి 1903లో ఆయన వేసిన పోస్టర్ చూడండి.

ప్రశ్న వేసినవారు: థాంక్సండీ. పేరు తెలుగులో గీద్దామనుకుంటున్నా.

జవాబు: గీయండి, తలకట్లు సాగదీయడానికి భలే ఉంటాయి. కానీ ‘ఫ’ కింద గీత పోతే అది ‘ప’ అయిపోతుంది, జాగ్రత్త.